పిల్లల ఫోన్‌లో ప్రైవేట్ చాట్లు సేఫ్‌గా ఉండాలంటే ఏం చెయ్యాలి, ఎవరైనా బెదిరిస్తే ముందు ఏం చెయ్యాలి

"మేడమ్, మా పాప వాట్సాప్ నా ఫోన్‌లో కూడా కనిపించేలా చేసిస్తారా?"

జూనియర్ కాలేజీకి దగ్గర్లో మాది చిన్న కంప్యూటర్ సెంటర్, జూన్ నుంచి దసరా దాకా వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ మాటే అడగడానికి వస్తారు. టెన్త్ రిజల్ట్స్ వచ్చాక ఫోన్ కొనిస్తారు, ఇంటర్ క్లాసులు మొదలయ్యాక పిల్ల తలుపేసుకుని చాటింగ్ చేస్తుంటే గుండెల్లో రాయి పడుతుంది. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. 13 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లలున్న ఇంటికి ఇది.

ముందు ఆ ప్రశ్నకి జవాబు. చెయ్యొచ్చు, రెండు నిమిషాల పని, కానీ నేను చెయ్యను, మీరూ చెయ్యొద్దు. మీరు చూస్తున్నారని తెలిసిన రోజే పిల్ల అసలు మాటలన్నీ స్నాప్‌చాట్‌కో ఇన్‌స్టాకో మార్చేస్తుంది, వాట్సాప్‌లో మీకు ఫిజిక్స్ నోట్స్ ఫోటోలు మిగులుతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఎవడైనా బెదిరించినప్పుడు పిల్లలు ఇంట్లో చెప్పకపోవడానికి నేను చూసినంతలో ఒకటే కారణం, "అమ్మ ఫోన్ లాక్కుంటుంది, నాన్న కాలేజీ మాన్పిస్తాడు" అన్న భయం. బెదిరించేవాడు బతికేదే ఆ భయం మీద. అందుకే కింద రాసినవన్నీ రెండు పనుల కోసం: తెలియనివాళ్ళు లోపలికొచ్చే దారులు మూసెయ్యడం, మూసినా ఎవడో వస్తే ఆ రాత్రే పిల్ల మిమ్మల్ని లేపి చెప్పేలా చూసుకోవడం.

స్పై యాప్‌లు కూడా వద్దు. కనపడకుండా పనిచేస్తుంది అని చెప్పే యాప్‌లు చాలావరకు ప్లే స్టోర్ బయట నుంచి ఏపీకే ఫైల్‌గా వేసుకోమంటాయి, ప్లే ప్రొటెక్ట్ (ప్రమాదకరమైన యాప్‌లని పట్టే గూగుల్ రక్షణ) ఆపేయమంటాయి. మీ పిల్ల ఫోటోలు, మెసేజ్‌లు, తను ఎక్కడుందో అన్నీ ఎవరిదో తెలియని సర్వర్‌లోకి మీ చేత్తో మీరే పంపినట్టు అవుతుంది.

ఏమేం కావాలి

పిల్లల ఫోన్, మీ ఫోన్, ఇంకో మూడో ఫోన్. ఈ మూడో ఫోన్ నంబర్ పిల్లల ఫోన్‌లో సేవ్ అయ్యి ఉండకూడదు, పక్కింటివాళ్ళదో మీ ఆఫీసులో వాళ్ళదో అడిగి పెట్టుకోండి, చివర్లో చెక్ చేసుకోవడానికి పనికొస్తుంది. ఒక కాగితం, పెన్ను. పిల్లల జీమెయిల్ పాస్‌వర్డ్ వాళ్ళకి గుర్తుండాలి, చాలామందికి ఉండదు, ఫోన్ కొన్న షాపులో వాళ్ళే మెయిల్ క్రియేట్ చేసి ఇచ్చి ఉంటారు, అలాంటిదైతే ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి. గంటన్నర టైమ్. ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక కూర్చోండి, పరీక్షల ముందు రోజు మాత్రం వద్దు.

స్టెప్ 1: ముందు మాట, తర్వాత ఫోన్

ఫోన్ చేతిలోకి తీసుకోకముందే ఈ నాలుగు మాటలు చెప్పండి. మీ యాసలో, మీ ఇంట్లో మాట్లాడుకునేలాగే చెప్పండి కానీ నాలుగూ ఉండాలి:

"నీ చాట్లు నేను చదవను. సెట్టింగ్స్ మాత్రం ఇద్దరం కలిసి చూద్దాం. ఎవరైనా బెదిరించినా, నువ్వే పొరపాటు చేసినా, రాత్రి రెండింటికైనా నన్ను లేపు. అప్పుడు నీ ఫోన్ లాక్కోను, కాలేజీ మాన్పించను."

నిలబెట్టుకోలేనంటే చెప్పకండి. చెప్పి మాట తప్పితే రెండోసారి మీ దగ్గరికి రారు. ఇంట్లో ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి, అమ్మ సరే అని నాన్న కేకలేస్తే లాభం లేదు.

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే, ఆడపిల్లతో ఒకటికి పదిసార్లు మాట్లాడతారు, మగపిల్లాడిని వదిలేస్తారు. వాడికేం అవుతుందిలే అనుకుంటారు. ఫోటోలు పెట్టుకుని డబ్బు గుంజే ముఠాలు ఎక్కువగా పట్టేది మగపిల్లల్నే, అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా 14 నుంచి 17 ఏళ్ళ అబ్బాయిలని చూసుకోండని ప్రత్యేకంగా హెచ్చరించింది. కిందటేడు మా సెంటర్‌లో టైపింగ్ నేర్చుకునే ఇంటర్ సెకండియర్ అబ్బాయి ఒకడు వరసగా నాలుగు రోజులు కీబోర్డ్ ముందు కూర్చుని ఒక్క లైన్ కూడా కొట్టలేదు, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. పక్కకి పిలిచి అడిగితే చాలాసేపటికి ఏడ్చాడు. ఇన్‌స్టాలో అమ్మాయి పేరుతో ఎవరో పరిచయమై, వీడియో కాల్ రికార్డ్ చేసి బెదిరిస్తే, వీడు ముందు రెండు వేలు, తర్వాత ఐదు వేలు, వాళ్ళమ్మ ఫోన్‌లోంచి పంపించేశాడు. వాళ్ళమ్మకి చెప్పడానికి నేను తోడు వెళ్ళాల్సొచ్చింది. ఆవిడ ఒక్క మాట అనకుండా వాడిని దగ్గరికి తీసుకుంది, నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది ఆ సీన్.

స్టెప్ 2: ఫోన్ లాక్, లింక్డ్ డివైసెస్

ఫోన్ పిన్ పుట్టినరోజు అయ్యుంటే మార్పించండి, ఫ్రెండ్స్ అందరికీ తెలుస్తుంది అది. నోటిఫికేషన్లలో మెసేజ్ మొత్తం లాక్ స్క్రీన్ మీద కనిపించకుండా పెట్టండి, లేకపోతే ఓటీపీ పక్కన కూర్చున్నవాడికి కూడా కనిపిస్తుంది.

తర్వాత వాట్సాప్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కి లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్ళండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఈ ఒక్క స్క్రీన్ మీద కొంచెంసేపు ఆగండి. మొన్న ఒక పాప ఫోన్‌లో చూస్తే "గూగుల్ క్రోమ్, విండోస్" అని ఒక లైన్ ఉంది, కింద లాస్ట్ యాక్టివ్ ఆ రోజు పొద్దున పదకొండు గంటలకి. ఇంట్లో కంప్యూటరే లేదు. ఎక్కడా అని గుర్తు చేసుకుంటే, హాల్ టికెట్ ప్రింట్ తీసుకోవడానికి జిరాక్స్ షాపుకి వెళ్ళి అక్కడి కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ ఓపెన్ చేసింది, ప్రింట్ తీసుకుంది, లాగౌట్ చెయ్యకుండా వచ్చేసింది. మూడు వారాలు. ఆ షాపులో కూర్చున్న ఎవరైనా తన చాట్లు, ఫోటోలు అన్నీ చూడొచ్చు, తన పేరుతో మెసేజ్‌లు కూడా పెట్టొచ్చు. ఫోన్ 14 రోజులు వాడకుండా పక్కన పెడితే దానంతటది తెగిపోతుంది, కానీ పిల్లలు 14 గంటలు కూడా ఫోన్ వదలరు కదా.

తెలియని లైన్ ఏది కనిపించినా దాని మీద నొక్కి లాగౌట్. ప్రింట్ కోసం ఇకమీదట షాపువాళ్ళ మెయిల్‌కి ఫైల్ పంపమనండి, లేదా పెన్‌డ్రైవ్. తప్పక వాట్సాప్ వెబ్ వాడాల్సొస్తే కుర్చీలోంచి లేవకముందే ఫోన్‌లోంచి లాగౌట్ చెయ్యాలి. ఇన్‌స్టాకి, టెలిగ్రామ్‌కి కూడా ఇలాంటి లిస్టే ఉంటుంది, ఇన్‌స్టాలో అకౌంట్స్ సెంటర్ లోపల ఎక్కడెక్కడ లాగిన్ అయ్యారో చూపిస్తుంది, టెలిగ్రామ్‌లో సెట్టింగ్స్‌లో డివైసెస్. మూడూ చూడండి.

స్టెప్ 3: వాట్సాప్

సెట్టింగ్స్‌లో ప్రైవసీ తెరవండి. ప్రొఫైల్ ఫోటో, లాస్ట్ సీన్, అబౌట్, స్టేటస్ అన్నీ మై కాంటాక్ట్స్. గ్రూప్స్ అనే చోట కూడా మై కాంటాక్ట్స్, లేకపోతే ఎవడు పడితే వాడు ఏ గ్రూప్‌లోనైనా పడేస్తాడు. కాల్స్‌లో సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చెయ్యండి, తెలియని నంబర్ నుంచి వచ్చే వాట్సాప్ కాల్ మోగదు, కాల్ లిస్ట్‌లో మాత్రం కనిపిస్తుంది. తెలియని వీడియో కాల్ ఎత్తగానే అవతల బూతు వీడియో పెట్టి, ఇవతల పిల్లాడి ముఖంతో కలిపి స్క్రీన్ రికార్డ్ చేసి బెదిరించేవాళ్ళకి ఇదే దారి, అది మూసుకుపోతుంది.

తర్వాత అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, ఆరంకెల పిన్ పెట్టి మెయిల్ ఐడీ కూడా ఇవ్వండి. మెయిల్ ఇవ్వకుండా స్కిప్ కొడతారు అందరూ, పిన్ మర్చిపోయిన రోజు తిరగడం మొదలుపెడతారు.

ఇక్కడ ఒక చిక్కుంది. మై కాంటాక్ట్స్ అంటే పిల్లల ఫోన్‌లో సేవ్ అయిన నంబర్లన్నీ. పిల్లలు గేమ్‌లో కలిసినవాడిది, మెటీరియల్ ఇచ్చినవాడిది, ఎవరిదో తెలియనిది, అన్నీ సేవ్ చేసి పెడతారు. వాడికి ఇప్పుడు ఫోటో, స్టేటస్, అన్నీ కనిపిస్తాయి, గ్రూప్‌లో కూడా వెయ్యగలడు. అందుకే సెట్టింగ్ పెట్టాక కాంటాక్ట్ లిస్ట్ పైనుంచి కిందదాకా ఒకసారి పిల్లలతోనే చూపించుకుని, "ఇతన్ని ఎప్పుడైనా కలిశావా" అని అడిగి, కలవనివాళ్ళని తీయించెయ్యండి. ఈ పని ఎవరూ చెయ్యరు, చేస్తే సగం సమస్య పోతుంది.

స్టెప్ 4: ఇన్‌స్టాగ్రామ్

18 ఏళ్ళ లోపు పిల్లలకి ఇన్‌స్టా టీన్ అకౌంట్ ఇస్తోంది, మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి. అందులో అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, తను ఫాలో అయ్యేవాళ్ళు, ముందే కనెక్ట్ అయినవాళ్ళు మాత్రమే మెసేజ్ పెట్టగలరు, 16 లోపు పిల్లలైతే ఆ సెట్టింగ్స్‌ని వదులు చెయ్యడానికి పెద్దవాళ్ళ పర్మిషన్ కావాలి. చాలా మంచిది. కానీ ఇదంతా పుట్టినతేదీ కరెక్ట్‌గా ఉంటేనే పనిచేస్తుంది. ఏడో క్లాసులో అకౌంట్ తెరిచినప్పుడు 1999 అనో 2000 అనో కొట్టేసి ఉంటారు, ఇన్‌స్టా దృష్టిలో మీ పదిహేనేళ్ళ పిల్లాడు పాతికేళ్ళ మనిషి. అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్‌లో బర్త్‌డే చూడండి, తప్పుంటే మార్పించండి.

చాట్ ఎవరితో చేస్తున్నారో తెలియకపోతే నాకు నిద్రపట్టదు అనేవాళ్ళకి ఇక్కడో మధ్యేమార్గం ఉంది. టీన్ అకౌంట్‌కి పేరెంట్ సూపర్‌విజన్ పెట్టుకుంటే గత ఏడు రోజుల్లో ఎవరెవరికి మెసేజ్ పెట్టారో మీకు పేర్లు కనిపిస్తాయి, లోపల ఏం రాసుకున్నారో కనిపించదు. స్నాప్‌చాట్‌లో ఫ్యామిలీ సెంటర్ కూడా దాదాపు ఇంతే. పిల్లలకి తెలిసే, వాళ్ళు ఒప్పుకునే పెట్టేది కాబట్టి నాకు ఇది నచ్చుతుంది.

పిల్లలకి రెండో అకౌంట్ ఉంటుంది, దగ్గర ఫ్రెండ్స్ పదిమందితో. ఉందా అని గట్టిగా నిలదీయకండి. "రెండో అకౌంట్ ఉంటే దానికి కూడా ఇవే సెట్టింగ్స్ నువ్వే పెట్టుకో" అని ఫోన్ చేతికిచ్చి టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళండి.

స్టెప్ 5: స్నాప్‌చాట్, టెలిగ్రామ్, గేమ్‌లు

స్నాప్‌చాట్‌లో మొట్టమొదట ఘోస్ట్ మోడ్. లేకపోతే మ్యాప్‌లో పిల్ల ఏ వీధిలో ఉందో లిస్ట్‌లో ఉన్న ఫ్రెండ్స్ అందరికీ కనిపించొచ్చు, ఆ లిస్ట్‌లో స్ట్రీక్స్ (రోజూ స్నాప్ పంపుకుంటే పెరిగే లెక్క) కోసం యాడ్ చేసుకున్న ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఉంటారు. కాంటాక్ట్ మీ అనే చోట ఫ్రెండ్స్ అని పెట్టండి, తెలియనివాళ్ళకి ఫ్రెండ్ సజెషన్‌గా చూపించే ఆప్షన్ ఆపేయండి.

టెలిగ్రామ్ సంగతి వేరు. మన పిల్లలు టెలిగ్రామ్ వేసుకునేది చాటింగ్‌కి కాదు, ఎంసెట్ మెటీరియల్ కోసం, నీట్ పీడీఎఫ్‌ల కోసం, కొత్త సినిమాల కోసం. వేలమంది ఉండే గ్రూప్‌లో "ఈ డౌట్ ఎవరైనా చెప్తారా" అని ఒక మెసేజ్ పెడితే చాలు, "నేను చెప్తా, పర్సనల్‌కి రా" అని నలుగురు వస్తారు. సెట్టింగ్స్‌లో ప్రైవసీలో ఫోన్ నంబర్ నోబడీ, నంబర్‌తో నన్ను వెతకడం మై కాంటాక్ట్స్, ప్రొఫైల్ ఫోటో మై కాంటాక్ట్స్, గ్రూప్స్ మై కాంటాక్ట్స్ పెట్టండి. గ్రూప్‌లో అసలు పేరు, కాలేజీ పేరు లేకుండా ఉండాలి. ఇంకోటి, టెలిగ్రామ్ మామూలు చాట్‌కి వాట్సాప్‌లాంటి ఎన్‌క్రిప్షన్ (మాట్లాడుకునే ఇద్దరు తప్ప ఇంకెవరూ చదవలేకుండా వేసే తాళం) ఉండదు, సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తేనే ఉంటుంది, చాలామంది పిల్లలు దీన్ని తిరగేసి అనుకుంటారు.

ఫ్రీ ఫైర్ మాక్స్, బీజీఎంఐ ఆడేవాళ్ళుంటే తెలియని టీమ్‌తో ఆడేటప్పుడు మైక్ ఆఫ్. డైమండ్స్ ఇస్తా, యూసీ ఇస్తా (రెండూ గేమ్‌లో వాడే డబ్బులాంటివి), వాట్సాప్ నంబర్ పెట్టు అన్నవాడిని అక్కడే బ్లాక్ చెయ్యాలి.

స్టెప్ 6: మోసగాణ్ణి పసిగట్టడానికి పిల్లలకి నాలుగు గుర్తులు

వీటిని మీరు చదివి వినిపించొద్దు, కాగితం వాళ్ళకిచ్చి వాళ్ళచేతే రాయించండి. రాసింది గుర్తుంటుంది.

ఒకటి, "ఇక్కడొద్దు, వాట్సాప్‌కి రా, స్నాప్‌కి రా" అని తొందరపెట్టడం. నలుగురూ ఉన్నచోటు నుంచి ఎవరూ లేనిచోటుకి లాగుతున్నాడన్నమాట.

రెండు, పరిచయమై వారం కాకుండానే "ఇంట్లో చెప్పకు, ఫ్రెండ్స్‌కి చెప్పకు".

మూడు, అడక్కుండానే వాళ్ళ ఫోటో పంపి "ఇప్పుడు నీది" అనడం. మొహమాటంతో పంపేస్తారు పిల్లలు, మొహమాటపడాల్సిన పన్లేదని మీరే చెప్పాలి.

నాలుగు, "నీకొక ఆరంకెల కోడ్ వచ్చింది, పొరపాటున పంపా, చెప్పవా", లేదా వీడియో కాల్‌లో "స్క్రీన్ షేర్ చెయ్యి". ఫ్రెండ్ నంబర్ నుంచే వచ్చినా చెప్పకూడదు, ఆ ఫ్రెండ్ అకౌంట్ అప్పటికే పోయి ఉండొచ్చు. ఫ్రెండ్‌కి మామూలు ఫోన్ కాల్ చేసి అడగాలి.

అనుమానమొస్తే ఎలా చెక్ చెయ్యాలంటే, ఇన్‌స్టాలో వాడి ప్రొఫైల్‌లో పేరు మీద నొక్కితే అబౌట్ దిస్ అకౌంట్ వస్తుంది, అకౌంట్ ఎప్పుడు తెరిచాడు, ఏ దేశంలో ఉన్నాడు అనేది చాలావరకు చూపిస్తుంది. విజయవాడ అమ్మాయినని చెప్పుకునే అకౌంట్ పోయిన నెలలో తెరిచింది, దేశం ఇంకేదో ఉందంటే ఇంక మాట్లాడేదేముంది. ప్రొఫైల్ ఫోటోని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే వేరే ఎవరి ఫోటోనో దొరుకుతుంది ఒక్కోసారి. దొరకలేదంటే నిజమైన మనిషని మాత్రం అనుకోకూడదు. వీడియో కాల్‌లో కనిపించినా నమ్మడానికి లేదు, రికార్డ్ చేసిన వీడియో ప్లే చేస్తారు.

వ్యూ వన్స్ (ఒక్కసారి చూడగానే పోయేలా) పెట్టి ఫోటో పంపితే ఏం కాదులే అనేది ఇంకో పెద్ద అపోహ. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌ని ఆపుతుంది, స్నాప్‌చాట్ స్క్రీన్‌షాట్ తీస్తే చెప్తుంది, కానీ అవతలివాడు ఇంకో ఫోన్‌తో ఆ స్క్రీన్‌ని ఫోటో తీస్తే రెండింటికీ తెలియదు. మీ ముందే పిల్లకి చూపించండి: మీకు ఒక పూల కుండీ ఫోటో వ్యూ వన్స్‌లో పంపమనండి, మీరు తెరిచి మూడో ఫోన్‌తో ఫోటో తీసి చూపించండి. పది సెకన్లలో అర్థమైపోతుంది, అరగంట క్లాస్ పీకక్కర్లేదు.

స్టెప్ 7: అన్నీ సరిగ్గా పడ్డాయా, చెక్

అమ్మ ఫోన్‌లోంచి చూసి "ఫోటో ఇంకా కనిపిస్తోందే" అని కంగారుపడతారు. అమ్మ నంబర్ పిల్ల కాంటాక్ట్స్‌లో ఉంటుంది కాబట్టి కనిపిస్తుంది. చెక్ చెయ్యాల్సింది మూడో ఫోన్‌తో.

మూడో ఫోన్‌లో పిల్లల నంబర్ సేవ్ చేసి వాట్సాప్ తెరవండి, ప్రొఫైల్ ఫోటో ఖాళీగా ఉండాలి, లాస్ట్ సీన్ ఉండకూడదు. వాట్సాప్ కాల్ చెయ్యండి, పిల్లల ఫోన్ మోగకూడదు. ఒక గ్రూప్ క్రియేట్ చేసి యాడ్ చెయ్యబోతే కుదరదు, ఇన్వైట్ పంపమంటుంది. మూడో ఫోన్‌లోని ఇన్‌స్టాలోంచి పిల్లల ప్రొఫైల్ చూస్తే ఒక్క పోస్ట్ కూడా కనిపించకూడదు, మెసేజ్ పెట్టబోతే వెళ్ళకూడదు. మెసేజ్ వెళ్ళిందంటే పుట్టినతేదీ ఇంకా మారలేదేమో చూడండి. టెలిగ్రామ్‌లో నంబర్ కొట్టి వెతికితే దొరక్కూడదు. అయిపోయాక మూడో ఫోన్‌లోంచి నంబర్ డిలీట్ చెయ్యండి.

యాప్ అప్‌డేట్ అయినప్పుడు, ఫోన్ మార్చినప్పుడు కొన్ని సెట్టింగ్స్ మొదటికొస్తాయి లేదా పేర్లు మారతాయి. మూడు నెలలకోసారి ఈ స్టెప్ ఒక్కటి మళ్ళీ చేసుకోండి.

స్టెప్ 8: జరగకూడనిది జరిగితే

పిల్ల వచ్చి "అమ్మా, ఒకడు నా ఫోటో పెట్టుకుని బెదిరిస్తున్నాడు" అంది. ఇక్కడ వరస ముఖ్యం, వరస తప్పితే సాక్ష్యం పోతుంది.

మొదటి మాట: "చెప్పావు, మంచి పని చేశావు. మనం చూసుకుందాం." అంతే. ఎందుకు పంపావు అన్న ప్రశ్న ఆ రాత్రి అడక్కండి.

డబ్బు ఒక్క రూపాయి పంపకండి. పంపితే ఆపరు, ఈ ఇంట్లో డబ్బు రాలుతుందని తెలుసుకుని ఇంకా అడుగుతారు. ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యండి, ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు వాడి చేతికి వెళ్ళకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

తర్వాత స్క్రీన్‌షాట్లు, బ్లాక్ చెయ్యకముందే. ఎందుకంటే టెలిగ్రామ్‌లో అవతలివాడు రెండు వైపులా చాట్ మొత్తం చెరిపేయగలడు, ఇన్‌స్టాలో అన్‌సెండ్ చేస్తాడు, స్నాప్‌లో వాటంతటవే పోతాయి. బెదిరింపు మెసేజ్‌లు, వాడి యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింక్, ఫోన్ నంబర్, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ లేదా క్యూఆర్ కోడ్, తేదీ, టైమ్. యూజర్‌నేమ్ ఒక్కటే రాసుకుంటే సరిపోదు, వాడు మార్చేస్తాడు.

ఇక్కడ చాలా పెద్ద హెచ్చరిక. పిల్లల ఫోటోని మీ ఫోన్‌కి పంపుకోకండి, సాక్ష్యం కోసమని మామయ్యకో తెలిసిన లాయర్‌కో ఫార్వర్డ్ చెయ్యకండి. 18 ఏళ్ళ లోపు వాళ్ళ అలాంటి ఫోటోని పంపడం ఐటీ చట్టం 67బీ కింద, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద నేరం, మీరు కన్నవాళ్ళే అయినా సరే అది ఇంకో ఫోన్‌కి పాకడం మంచిది కాదు. అలాగని కంగారులో డిలీట్ కూడా చెయ్యకండి, పిల్ల ఫోన్‌లో ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి, పోలీసులకి చూపించేదాకా.

అప్పుడు యాప్‌లో రిపోర్ట్, ఆ తర్వాత బ్లాక్. వాట్సాప్‌లో రిపోర్ట్ కొడితే వాడు పంపిన చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్‌కి వెళ్తాయి, వాడికి తెలియదు. రిపోర్ట్, బ్లాక్ చేసేటప్పుడు చాట్ కూడా డిలీట్ చెయ్యాలా అని టిక్ కనిపిస్తే, అది తీసెయ్యండి.

తర్వాత టేక్ ఇట్ డౌన్ అనే వెబ్‌సైట్, ఆ ఫోటో నెట్‌లో పాకకుండా ఆపడానికి. అమెరికాలో ఎన్‌సీఎంఈసీ అనే పిల్లల రక్షణ సంస్థ నడుపుతుంది, ఫ్రీ, ఏ దేశంలో ఉన్నా వాడుకోవచ్చు, పేరు చెప్పక్కర్లేదు. టేక్‌ఇట్‌డౌన్ డాట్ ఎన్‌సీఎంఈసీ డాట్ ఓఆర్‌జీ. పిల్ల ఫోన్‌లోంచే ఆ ఫోటోని సెలెక్ట్ చేస్తే ఫోటో ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్ళదు, దానికి వేలిముద్రలాంటి ఒక కోడ్ తయారై అది మాత్రమే వెళ్తుంది, ఇన్‌స్టా, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్‌లాంటి కంపెనీలు ఆ కోడ్‌తో కలిసే ఫోటో కనిపిస్తే తీసేస్తాయి. వాట్సాప్ లోపల తిరిగేదాన్ని ఇది ఆపలేదు. 18 దాటినవాళ్ళకి ఇలాంటిదే స్టాప్ ఎన్‌సీఐఐ అని ఉంది.

కంప్లయింట్: సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్ళకి, పిల్లలకి సంబంధించిన నేరాలకి విడిగా ఒక విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు, కానీ కేసు ముందుకెళ్ళాలంటే పేరుతో ఇవ్వడమే మేలు. పిల్లలకి సాయం కావాలంటే 1098, అర్జెంట్ అయితే 112. పిల్ల హాస్టల్ విజయవాడలో, మీ ఇల్లు నల్గొండలో అయినా సరే, దగ్గర్లో ఉన్న స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు, మా పరిధి కాదు అనడానికి లేదు.

పరువు పోతుందని స్టేషన్ గడప తొక్కనివాళ్ళు ఇది చదవండి. పోక్సో చట్టంలో పిల్లల పేరు, ఫోటో, స్కూల్, ఇల్లు తెలిసేలా మీడియాలో రావడం నేరం. పిల్ల చెప్పేది వాళ్ళ ఇంట్లోనే, లేదా పిల్ల కోరుకున్న చోట రాసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా పోలీసు, యూనిఫామ్ లేకుండా. రాత్రిపూట పిల్లని స్టేషన్‌లో ఉంచడానికి వీల్లేదు. ఇవన్నీ చట్టంలో రాసున్న మాటలే, అడిగి మరీ చేయించుకోండి.

ఫోటో అసలు పంపనే లేదు, డీపీలోంచి ముఖం తీసి ఏఐతో తయారుచేశారు అన్నా వరస ఇదే. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో వచ్చినప్పుడు, నేను స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు ఇలా జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేను అన్న అర్థంలో ఆవిడ రాసుకుంది. అంత పేరున్న మనిషికే అలా అనిపిస్తే పదహారేళ్ళ పిల్ల పరిస్థితేంటో ఆలోచించండి. పంపలేదు అని పిల్ల చెప్తే నమ్మండి.

ఆ రెండు మూడు రాత్రులు పిల్లని ఒంటరిగా పడుకోనివ్వకండి. తిండి మానేసినా, బతకాలని లేదు అన్నట్టు మాట్లాడినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చెయ్యండి, 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మళ్ళీ మళ్ళీ అడిగేవి

ఇంట్లో ఒకటే ఫోన్, అందరం వాడతాం అంటే? పిల్లలకి ఆండ్రాయిడ్‌లో వేరే యూజర్ ప్రొఫైల్ పెట్టండి, కొన్ని ఫోన్లలో ఉండదు, లేకపోతే యూపీఐ యాప్‌కి, గ్యాలరీకి యాప్ లాక్ అయినా పెట్టండి. అమ్మ వాట్సాప్ నుంచే పిల్ల కాలేజీ గ్రూప్‌లో ఉంటే అమ్మ ఫోటో, అమ్మ నంబర్ ఆ గ్రూప్‌లో ఉన్న అందరికీ తెలుస్తాయి, స్టెప్ 3 అమ్మ ఫోన్‌కి చెయ్యండి.

హాస్టల్లో ఉంది, ఫోన్ ఇవ్వరు, ఆదివారం ఔటింగ్‌లో ఫ్రెండ్ ఫోన్‌లో ఇన్‌స్టా తెరుస్తుంది? అక్కడ పాస్‌వర్డ్ సేవ్ చెయ్యకుండా, బయటికొచ్చేటప్పుడు లాగౌట్ కొట్టడం నేర్పండి, ఇంటికొచ్చినప్పుడు లాగిన్ లిస్ట్ చూసుకోమనండి.

మేం డాలస్‌లో ఉంటాం అని అడిగినవాళ్ళున్నారు. సెట్టింగ్స్ అవే, డిస్కార్డ్ (గేమ్‌లు ఆడేవాళ్ళు ఎక్కువగా వాడే చాట్ యాప్) వాడకం అక్కడి పిల్లల్లో ఎక్కువ కాబట్టి అందులో ప్రతి సర్వర్‌కీ (అంటే గ్రూప్‌కి) మెంబర్స్ నుంచి డైరెక్ట్ మెసేజ్‌లు ఆపేయండి. అక్కడ కంప్లయింట్‌కి ఎన్‌సీఎంఈసీ సైబర్‌టిప్‌లైన్, 1-800-843-5678.

స్టెప్ 6లో పిల్లలు రాసిన కాగితం వెనకవైపు 1930, 1098, 112, 14416 నాలుగూ రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. ఫోన్‌లో సేవ్ చేస్తే సరిపోదా అంటారు, ఆ రాత్రి పిల్ల ఆ ఫోన్ ముట్టుకోడానికే భయపడుతుంది.